ఫిల్మ్‌నగర్ ఇళ్లలో డిస్కులు

నేను బాగుచేసింది కంప్యూటర్లనే అయినా, నా ఉద్యోగమంతా ఇతరుల ఇళ్లలోనే గడిచింది. యూసుఫ్‌గూడలో మా ఇంటి నుంచి బండి మీద బయలుదేరి, కృష్ణానగర్ గల్లీలు దాటి, జూబ్లీహిల్స్ ఎత్తెక్కి, ఫిల్మ్‌నగర్‌లో ఎవరో ఒకరి ఇంటి గంట నొక్కేదాన్ని. తలుపు తీసినవాళ్లు నా వెనక ఇంకెవరైనా ఉన్నారేమోనని తొంగి చూసేవారు. "టెక్నీషియన్ రాలేదామ్మా?" అని అడిగేవారు. "నేనే సార్, ప్రమీలను" అని చెప్పులు విప్పి లోపలికి వెళ్లేదాన్ని.

అప్పుడు మాదాపూర్ వైపు అద్దాల మేడలు లేస్తున్నాయి. నాతో హార్డ్‌వేర్ కోర్సు చేసినవాళ్లలో చాలామంది అటు వెళ్లిపోయారు. నేను సినిమావాళ్ల వైపు ఉండిపోయాను. రీళ్ల కాలం పోయి అంతా డిస్కుల్లోకి వస్తున్న రోజులవి. ఎడిటర్లు, సౌండ్ ఇంజినీర్లు, స్టిల్ ఫొటోగ్రాఫర్లు పనంతా ఇంటికి తెచ్చుకునేవారు. విడి డిస్కులు బీరువాల్లో చీరల మధ్య, అటకల మీద అట్టపెట్టెల్లో ఉండేవి. కొన్నాళ్లకు, అన్ని డిస్కులూ ఒకే పెట్టెలో పట్టే సర్వర్‌ని ఇంట్లోనే పెట్టుకోవడం మొదలైంది. ఆ పెట్టెలు కట్టడం, డిస్కులు మార్చడం, ఏదైనా చెడితే పరుగెత్తడం నా పని.

ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు నన్ను అడిగేది ఏ డిస్క్ మంచిది, ఏ సాఫ్ట్‌వేర్ మంచిది అని. అవి ఏటేటా మారతాయి, మీకే బాగా తెలుసు. నేను చెప్పగలిగింది మనుషుల గురించే.

యాదగిరన్న

నాకు పని నేర్పింది యాదగిరన్న. కృష్ణానగర్‌లో ఆయనకు చిన్న దుకాణం ఉండేది. ఎవరైనా చెడిపోయిన మిషను తెచ్చి బల్ల మీద పెట్టగానే నా చేయి స్క్రూడ్రైవర్ మీదకు పోయేది. ఆయన వెంటనే అరిచేవాడు.

"చేతులెనక్కి పెట్టుకో పోరీ! మొదలు ఆయనేం చెప్తుండో ఇను. మిషను యాడికి పోదు."

నిజంగానే చేతులు వెనక్కి కట్టించేవాడు, బళ్లో పిల్లలకు లాగా. నాకు చిన్నతనంగా ఉండేది. కానీ సగం జబ్బు మిషను చెప్పదు, దాన్ని తెచ్చిన మనిషి చెబుతాడు. కరెంటు పోయి వచ్చిందనో, మనవడు తన్నాడనో, నిన్న ఎవరో వచ్చి ఏదో నొక్కి వెళ్లారనో మాటల మధ్యలో బయటపడుతుంది. ఈ ఒక్క అలవాటుకు ఆయనకు నేను రుణపడి ఉన్నాను.

అన్నీ ఆయన దగ్గర నేర్చుకోదగినవి కావు. సినిమావాళ్లు ఏది అడిగినా "అయితది సార్, ఫికర్ జెయ్యకుండ్రి" అనేవాడు. కానిదాన్ని కూడా అయిపోతుందనేవాడు. తర్వాత వాళ్ల మొహాలు చూసి కాలేదని చెప్పాల్సింది నేను. అందుకే సొంతంగా పని మొదలుపెట్టాక, ఫైలు తెరిచి కళ్లతో చూసేదాకా, చెవులతో వినేదాకా "వచ్చేసింది" అన్న మాట నా నోటి నుంచి రానిచ్చేదాన్ని కాదు. చాలామందికి అది నచ్చేది కాదు. ధైర్యం చెప్పని డాక్టరు ఎవరికి నచ్చుతాడు?

పారిటీ గురించి నాలుగు మాటలు

సాంకేతిక విషయం ఇదొక్కటే చెబుతాను, ఎందుకంటే తర్వాతి కథ దీని మీదే నడుస్తుంది.

ఇంట్లో నలుగురున్నారనుకోండి. నలుగురి వయసులూ కలిపిన మొత్తం ఒక చీటీ మీద రాసి పెట్టుకున్నారు. ఒకరి వయసు మరిచిపోయినా ఫరవాలేదు. మొత్తంలోంచి మిగతా ముగ్గురివీ తీసేస్తే నాలుగోది తెలుస్తుంది. సర్వర్‌లో మన ఫైళ్లుండే డిస్కులు ఆ నలుగురు. పారిటీ డిస్క్ ఆ మొత్తం. దాని మీద ఒక్క ఫొటో, ఒక్క పాట ఉండదు. కానీ మిగతావాటిలో ఏ ఒక్కటి చచ్చిపోయినా, అది ఉంటే పోయినదాన్ని తిరిగి రాయవచ్చు. రెండు ఒకేసారి పోతే మాత్రం చేయగలిగిందేమీ లేదు.

ఇంకో నియమం ఉంది. పారిటీ డిస్క్ మిగతావాటి కన్నా చిన్నది కాకూడదు. అందువల్ల సర్వర్ నిండిపోయి పెద్ద డిస్క్ కొనుక్కొస్తే, దాన్ని నేరుగా ఫైళ్ల కోసం పెట్టడం కుదరదు. మొదట ఆ పెద్దదాన్ని పారిటీగా చేసి, పాత పారిటీని ఫైళ్లకు వాడుకోవాలి. చెప్పడానికి సులువే. ఆ మార్పు జరిగే కొద్దిసేపూ ఇంట్లో గోడ పడగొట్టి కొత్త గోడ కడుతున్నట్టు ఉంటుంది. అప్పుడే వాన రాకూడదు.

ప్రసాదరావు గారి ఇల్లు

ఒక ఎండాకాలం ఉదయం కిరణ్ అనే అబ్బాయి ఫోన్ చేశాడు. మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ ఇంజినీరు. ఫిల్మ్‌నగర్‌లో వాళ్ల పిన్ని, బాబాయిల ఇంట్లో సర్వర్‌కు డిస్క్ మార్చబోయాడు.

"మేడమ్, ఏదో తేడా కొట్టింది. ఎర్రర్లు వస్తున్నాయి. నేనింకేమీ నొక్కకుండా ఆపేశాను."

ఈ పనిలో నాకన్నా తెలివైనవాళ్లను ఎందరినో చూశాను. తేడా కొట్టగానే చేయి తీసేసేవాళ్లను మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. ఆ పిల్లవాడి మీద నాకు అక్కడే గౌరవం కలిగింది. "మంచి పని చేసినవ్ బాబూ. వస్తున్న. ఏం ముట్టకుండ్రి" అన్నాను.

ఇల్లు ఫిల్మ్‌నగర్‌లో పైకి ఎక్కే వీధిలో, బండరాయి పక్కన ఉంది. కిరణ్ బాబాయి ప్రసాదరావు గారు సినిమాల్లో సౌండ్ ఇంజినీరుగా చేసి రిటైరైన మనిషి. గోదావరి వైపు వారు. ఆయన భార్య సరళ గారు డబ్బింగ్ ఆర్టిస్టు. తెలుగు రాని ఎందరో హీరోయిన్లకు ఆమె గొంతిచ్చారు. మొహం ఎవరికీ తెలియదు గానీ, ఆ గొంతు వింటే ఆంధ్రదేశమంతా గుర్తుపట్టేది. కొన్నేళ్ల క్రితం గొంతుకు ఆపరేషన్ జరిగింది. ప్రాణం దక్కింది, గొంతు పోయింది. నాకు మంచినీళ్లిస్తూ ఆమె గుసగుసగా "కూర్చో అమ్మా" అంటే, పెదవులు చూసి అర్థం చేసుకున్నాను.

నేను చేతులు వెనక్కి పెట్టుకుని కిరణ్ చెప్పింది విన్నాను. సర్వర్ నిండిపోయిందని పెద్ద డిస్క్ కొన్నాడు. నియమం ప్రకారమే పాత పారిటీని బయటికి తీసి, కొత్తదాన్ని పారిటీ స్థానంలో పెట్టాడు. కొత్త పారిటీ తయారుకావాలంటే మిగతా డిస్కులన్నిటినీ మొదటి నుంచి చివరిదాకా చదవాలి. ఆ చదువుడు సగంలో ఉండగా మూడో డిస్క్ టకటకమని చప్పుడు చేసి ఆగిపోయింది. నా ఎదుట మళ్లీ ఆన్ చేయించి చూస్తే అసలు కనిపించనేలేదు.

అంటే పాత గోడ పడగొట్టారు, కొత్త గోడ సగంలో ఉంది, వాన వచ్చేసింది.

"పాత పారిటీ డిస్క్ ఏది?" అని అడిగాను.

"అదుగోండి" అని కిరణ్ భోజనాల బల్ల మీద, ఆవకాయ జాడీ పక్కనున్న డిస్క్ చూపించాడు. "దాన్నింకా చెరిపి ఫార్మాట్ చెయ్యలేదు."

నాకు పోయిన ప్రాణం లేచి వచ్చింది. "తీసినంక సర్వర్‌లో ఎవరన్నా ఏమన్నా సేవ్ చేసిండ్రా?"

కిరణ్ లేదన్నాడు. సరళ గారు భర్త వైపు చూశారు. ఆయన తల దించుకున్నారు.

"పొద్దున కోయిల కూస్తుంటే రికార్డు చేశానండీ. చిన్నదే. రెండో డిస్క్‌లో పెట్టాను. పెట్టకూడదని తెలీదు."

ఏది ఎప్పుడు రాశారో మిషను నమోదు చేసుకునే చిట్టా కిరణ్ వెతికి, అదొక్కటే రాయబడిందని తేల్చాడు. ఒకరి వయసు కొద్దిగా మారింది, చీటీ మీద మొత్తం పాతదే ఉంది. కోయిల పాట పడినంత మేర లెక్క తప్పుతుంది. మూడో డిస్క్‌లో సరిగ్గా అదే చోట ఉన్నది చెడిపోతుంది. మిగతాదంతా రావాలి. ఈ మాట చెప్పి, "రావాలె అంటున్న సార్, వస్తదని అంటలేను" అని కలిపాను.

ప్రసాదరావు గారు నన్ను బాల్కనీలోకి రమ్మని సైగ చేశారు.

"మూడో దాంట్లో 'వేస్ట్' అని ఒక ఫోల్డర్ ఉందమ్మా. మిగతావి పోయినా అది కావాలి నాకు."

"వేస్ట్‌ల ఏముంది సార్?"

సినిమాలకు కావలసిన చప్పుళ్లు చాలావరకు ఆయన ఇంట్లోనే పట్టేవారట. వాన, తలుపు కిర్రుమనడం, గిన్నెల మోత, కాకులు. మైకు పెట్టి ఊపిరి బిగబట్టి కూర్చుంటే, సరిగ్గా అప్పుడే వంటింట్లోంచి ఆవిడ పిలిచేవారు. ఆ టేకు, అంటే అప్పుడు పడుతున్న రికార్డింగు, పాడయ్యేది. ఆయన విసుక్కునేవారు. మంచి టేకు సినిమాకు వెళ్లేది, పాడైన టేకు వేస్ట్‌లోకి వెళ్లేది.

"తీసేద్దామనే టేపుల కాలంలో ఆ పేరు పెట్టాను, డిస్కుల్లోకి ఎక్కించినప్పుడూ మార్చలేదు. ఏళ్ల తరబడి తీయలేదు. ఇప్పుడు ఆవిడ మామూలు మాటలు ఇంకెక్కడా లేవు. సినిమాల్లో ఉన్నవి ఎవరెవరివో మాటలు." ఆయన లోపలికి చూశారు. "ఆవిడకు ఇవున్నాయని తెలీదు. టీవీలో తన గొంతు వస్తే లేచి వెళ్లిపోతుంది. వినిపించకు తల్లీ, బాధపడుతుంది."

పని

చేయాల్సింది ఇది. పాత పారిటీలో ఉన్నదాన్ని ఉన్నట్టుగా కొత్త పెద్ద డిస్క్ మీదకు నకలు తీయాలి. నకలు సరిపోయాక పెద్దదాన్ని పారిటీగా పెట్టాలి. అప్పుడు పాత పారిటీ డిస్క్‌ను చచ్చిపోయిన మూడో డిస్క్ స్థానంలో పెట్టి, దాని మీద పోయిన ఫైళ్లన్నీ తిరిగి రాయించాలి. రాయడం మొదలుపెట్టామా, పాత పారిటీ చెరిగిపోతుంది. ఇక వెనక్కి రావడానికి దారి ఉండదు.

నకలు తీయడానికి చాలాసేపు పట్టింది. ఆ రోజు వదిలి మర్నాడు ఉదయం మళ్లీ వెళ్లాను. కరెంటు పోతే ఆగకుండా ఉండాలని రాత్రంతా యూపీఎస్ పక్కనే కాపలా కూర్చున్నట్టు ప్రసాదరావు గారు చెప్పారు.

నకలు సరిపోయింది. కిరణ్ వెంటనే మొదలుపెట్టేద్దామన్నాడు. నేను ఆపాను.

"జర ఆగు బాబూ. ముందు ఇని చూద్దం."

"డిస్కే లేదు కదా మేడమ్, ఏం వింటాం?"

ఈ సర్వర్లలో నాకు ఎప్పటికీ పాతబడని వింత అదే. మూడో డిస్క్ స్థానం ఖాళీగా ఉన్నా, దాని ఫైళ్లు తెర మీద కనిపిస్తాయి. నొక్కితే, మిగతా డిస్కులూ పారిటీ కలిసి అప్పటికప్పుడు లెక్క కట్టి, లేనిదాన్ని వినిపిస్తాయి. పాత పారిటీని చెరిపే ముందు, ఆ లెక్క సరిగ్గా వస్తోందో లేదో తెలుసుకోవడానికి ఇంతకన్నా మంచి దారి లేదు. కొత్తవాళ్లు ఆత్రంలో దీన్ని దాటేస్తారు. దాటకండి.

సరళ గారు వంటింట్లో ఉన్నారు. నేను హెడ్‌ఫోన్లు పెట్టుకుని వేస్ట్‌లో ఒక ఫైలు నొక్కాను. వాన చప్పుడు. దాని మీద సన్నగా చిటపట, గరగర. లెక్క తప్పితే శబ్దం అలాగే పగులుతుంది.

"సార్, ఏదో పగులుతున్నది. మీరు ఇనుండ్రి."

ప్రసాదరావు గారు హెడ్‌ఫోన్లు తీసుకుని కళ్లు మూసుకున్నారు. వాల్యూమ్ పెంచారు. ఇంకా పెంచారు.

"బాగానే ఉందే. నాకేం పగలడం లేదు."

అంత గట్టిగా పెట్టడం వల్ల హెడ్‌ఫోన్ల బయటికే నాకా చిటపట వినిపిస్తోంది. ఆయనకు వినిపించడం లేదు. సన్నటి శబ్దాలు ఆయన చెవిని ఎప్పుడో వదిలిపోయాయని అప్పుడర్థమైంది. జీవితమంతా చెవుల మీద బతికిన మనిషికి ఆ మాట ఎలా చెప్పాలో తెలియక, నేను తెర వైపు తిరిగి అదే ఫైలు మళ్లీ మొదటి నుంచి పెట్టాను.

సరళ గారు ఎప్పుడు వచ్చారో, ఆయన వెనక నిలబడి ఉన్నారు. ఆ సంగతి ఆమెకు ముందే తెలుసని ఆమె మొహం చూస్తే అర్థమైంది. నెమ్మదిగా ఆయన తల మీద నుంచి హెడ్‌ఫోన్లు తీసి తాను పెట్టుకున్నారు. ఆయన కంగారుగా "వద్దు సరళా" అన్నారు. ఆమె వినిపించుకోలేదు.

కాసేపు విన్నారు. తర్వాత నా వైపు వంగి గుసగుసగా అన్నారు.

"పగలడం కాదమ్మా ఇది. పోపు. ఆవాలు చిటపటలాడుతున్నాయి."

ఆమె ఇంకా వింటూనే ఉన్నారు. ఉన్నట్టుండి భుజాలు కదిలాయి. ఏడుస్తున్నారనుకున్నాను. నవ్వుతున్నారు. శబ్దం లేని నవ్వు, కళ్లల్లో నీళ్లు. హెడ్‌ఫోన్ల తీగ లాగేసి, స్పీకర్లలోంచి అందరికీ వినబడేలా పెట్టించారు.

గదిలో వాన మొదలైంది. వాన వెనక ఆవాలు. ఆ వెంటనే, ఆంధ్రదేశమంతా ఎరిగిన ఆ గొంతు, ఎవరి మొహానికీ అతికించని సొంత గొంతు, వంటింట్లోంచి వచ్చింది.

"ఏమండీ! వాన జల్లు లోపలికి కొడుతోంది, కాస్త ఆ కిటికీ వేద్దురూ!"

తర్వాత పడుచువాడిగా ఉన్న ప్రసాదరావు గారు. "అబ్బా సరళా! ఆ వానే కదే నేను పడుతున్నది!"

"ఇలాంటివి ఎన్నున్నాయి?" అని ఆమె ఆయనను అడిగారు. ఆయనకు వినబడలేదు. ఆమె దగ్గరికి జరిగి ఆయన చెవిలో మళ్లీ అడిగారు.

"బోలెడున్నాయి."

"ఒక్కటీ చెప్పలేదే నాకు!"

"బాధపడతావని."

"సినిమాల్లో వినబడేది నేను కాదు కదండీ, అందుకు లేచిపోయేదాన్ని. ఇది నేనేగా."

ఆ రోజు మధ్యాహ్నమంతా సరళ గారే విన్నారు. నేను ఒక్కో ఫైలు నొక్కడం, ఆమె బాగుందనో కాదనో చేయి ఊపడం. అంత నమ్మకమైన పరీక్ష నా ఉద్యోగంలో మరెప్పుడూ జరగలేదు. గిన్నె మోతకూ ఫైలు పగలడానికీ తేడా ఆమె క్షణంలో చెప్పేవారు.

కోయిల పాట పడిన చోటు కూడా దొరికింది. ఒక ఫైలులో ఆమె "ఏమండీ, ఇవాళ..." అన్నాక బుస్సుమని హోరు. మాట మిగతాదంతా పోయింది.

ప్రసాదరావు గారు తల పట్టుకున్నారు. "నా వల్లే పోయింది."

ఆమె ఆ ముక్కను ఇంకోసారి వేయమన్నారు. వెనకాల వినబడే చప్పుళ్లను బట్టి అది ఏ రోజో గుర్తుపట్టినట్టున్నారు. ఆయన చెవి దగ్గర నోరు పెట్టి ఏదో చెప్పారు. ఆయన "ఆఁ?" అన్నారు. మళ్లీ చెప్పారు. ఆయన మొహం ఎర్రబడింది, కిరణ్ వైపు చూసి "నువ్వెళ్లి టీ పెట్టరా" అన్నారు. పోయిన మాట ఏమిటో నేను అడగలేదు.

అప్పుడు పాత పారిటీని మూడో స్థానంలో పెట్టి, రాయడం మొదలుపెట్టమన్నాను. బటన్ కిరణ్ చేతే నొక్కించాను. మర్నాటికి, ఆ ఒక్క ముక్క తప్ప, డిస్క్ మొత్తం తిరిగి వచ్చింది. ఖాళీ కోసం కిరణ్ ఇంకో పెద్ద డిస్క్ తెస్తే, దాన్ని నేరుగా ఫైళ్లకు పెట్టాను.

కొత్తవాళ్లతో

మీకు రెండు సంగతులు చెప్పి ఊరుకుంటాను. పారిటీ ఉంది కదా అని ఇంటివాళ్లను రెండో నకలు పెట్టుకోకుండా ఉండనివ్వకండి. తెలియక ఒక ఫైలు చెరిపేస్తే దాన్ని తిరిగి తేవడం పారిటీ వల్ల కాదు, ఎందుకంటే చీటీ మీది మొత్తం కూడా ఆ క్షణమే మారిపోతుంది. ప్రసాదరావు గారి చేత వేస్ట్ ఫోల్డర్‌కు ఇంకో నకలు తీయించి, కిరణ్ ఇంట్లో పెట్టించాకే నేను ఆ ఇంటి నుంచి కదిలాను. రెండోది, ఏది పనికిరానిదో మీరు తేల్చకండి. పేరు చూసి అసలు తేల్చకండి. స్థలం చాలకపోతే ఇంకో డిస్క్ పెట్టవచ్చు.

మళ్లీ ఏడాది తిరగకుండానే ప్రసాదరావు గారు ఫోన్ చేశారు. సర్వర్ నిండిపోయిందట. నా అంచనా ప్రకారం అది చాలా ఏళ్లు రావాలి. ఏదో తప్పు జరిగిందని వెళ్లి చూస్తే తప్పేమీ లేదు. అన్నీ కొత్త రికార్డింగులు. సరళ గారు ఇప్పుడు వంటింట్లోంచి పిలవలేరు కాబట్టి, ఏం చెప్పాలన్నా ఆయన దాకా నడిచి వస్తారు. ఆయన భోజనాల బల్ల మీద మైకు ఒకటి శాశ్వతంగా బిగించేశారు. పక్కనే శబ్దాన్ని చూపించే మీటరు. చెవికి అందనిది కంటితో చూస్తున్నారు.

నేను కొత్త డిస్క్ పెట్టి, అంతా సరిగ్గా ఉందని చూసుకుని, ఒకసారి రికార్డు చేసి చూడమన్నాను. సరళ గారు వచ్చి మైకు దగ్గరికి వంగి, నన్ను చూస్తూ ఏదో అన్నారు. మీటరు ముల్లు సన్నగా వణికి లేచింది. ప్రసాదరావు గారు దాన్నే చూస్తూ మురిసిపోయారు.

"వచ్చింది, వచ్చింది! ఏమంది ప్రమీలా?"

"అన్నం తిని పొమ్మంటున్నరు సార్" అన్నాను.